వెనక కుడి పోర్టల్ డబ్బాలో మాత్రమే నీళ్లు: సీల్ రెండుసార్లు మార్చినా అదే కథ

బురదబాట
వెనక కుడి చక్రం దగ్గరి పోర్టల్ డబ్బా (యాక్సిల్‌ను పైకి లేపే చిన్న గేర్ బాక్సు) ఒక్కటే నా ప్రాణం తోడేస్తోంది. వాగు దాటి వచ్చిన ప్రతిసారీ అందులోని గేర్ ఆయిల్ పాలు కలిసినట్లు తెల్లబడుతోంది. మిగతా మూడు డబ్బాల్లో తేటగానే ఉంటోంది. బయటి ఆయిల్ సీల్ ఇప్పటికి రెండుసార్లు మార్చాను. రెండోసారి హబ్బు పూర్తిగా విప్పి, బేరింగులు కడిగి, షాఫ్టు తుడిచి, సీల్ పెదవికి గ్రీజు రాసి మరీ ఎక్కించాను. ఆ తరువాతి వారమే టైరు ముప్పాతిక పైగా మునిగేంత నీళ్లలో దిగాను. వచ్చి డ్రెయిన్ బోల్టు వదులు చేస్తే మళ్లీ అదే తెలుపు.

బండి సంగతి: ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ ఉన్న ట్రక్కు. బోల్టులతో బిగించే పోర్టల్ కిట్ వేసి రెండేళ్లయింది. 37 అంగుళాల టైర్లు. వెనక డ్రమ్ము బ్రేకులు. నాలుగు డబ్బాలకూ బ్రీదర్ గొట్టాలు (లోపలి గాలి ఆడేందుకు) వేసి బానెట్ ఎత్తు దాకా తీసుకెళ్లాను. ఇంకా ఏమి చూడాలి?

తుప్పు
మూడో సీల్ కొని పెట్టుకోండి. మూడు అచ్చొచ్చే సంఖ్య.

రెంచిరాణి
సీల్ కొత్తదే కావచ్చు, అది కూర్చునే షాఫ్టు పాతదే కదా. సీల్ పెదవి తిరిగి తిరిగి షాఫ్టు మీద సన్నని గాడి పడుతుంది. గోటితో అడ్డంగా గీసి చూడండి. గోరు తట్టుకుంటే ఎన్ని సీళ్లు మార్చినా ఫలితం ఉండదు. పలుచని స్టీలు స్లీవ్ ఎక్కించాలి. లేదా చోటు ఉంటే సీల్‌ను రెండు మిల్లీమీటర్లు లోపలికి కూర్చోబెట్టాలి, పెదవి గాడి మీద కాకుండా నున్నని చోట పడుతుంది. నేను రెండో పద్ధతితోనే ఏడాది గడిపాను.

బురదబాట
రాణి గారూ, గోరు ఎక్కడా తట్టుకోలేదు. అద్దంలా ఉంది. సీల్ స్ప్రింగు వైపు ఆయిల్ వైపే పెట్టాను, ఆ అనుమానం కూడా వద్దు.

నిదానమే_ప్రధానం
బ్రీదర్ గొట్టం వేశానంటే సరిపోదు, ఎలా వేశారో చెప్పండి. దారిలో ఎక్కడైనా కిందికి వేలాడి మళ్లీ పైకి లేస్తోందా? ఆ వంపులో ఆయిల్ ఆవిరీ తేమా చేరి బిరడా కొట్టినట్లు మూసుకుపోతుంది. నాలుగు గొట్టాలనూ ఒకదానితో ఒకటి కలిపి ఒకే మూతకు ఇచ్చారా? అలా చేస్తే ఒక డబ్బాలో నీళ్లు మిగతా వాటికి పంచిపెట్టినట్లే.

బురదబాట
నాలుగూ విడివిడిగానే. గొట్టం ఊడదీసి నోటితో ఊదాను, గాలి హాయిగా పోతోంది. వంపులు లేవు.

గేరుగింజ
నా లెక్కలో ఇది నీరు కారడమే కాదు. చలికాలం, తేమ, లోపల ఆవిరి గడ్డకట్టడం. ఆయిల్ మార్చి మరిచిపోండి. అసలు సమస్య మీరు వాడే ఆయిల్. ఏది పోశారు?

బురదబాట
చిక్కదనం 85డబ్ల్యు-140, రకం జీఎల్-5.

గేరుగింజ
అదుగో! అంత చిన్న డబ్బాలో అంత చిక్కటి ఆయిల్ ఎందుకు? తారు రోడ్డు మీద వేగంగా పోతే గేర్లు దాన్ని చిలికి చిలికి వేడెక్కిస్తాయి. 80డబ్ల్యు-90 చాలు.

కొండదారి
గేరుగింజ గారూ, తేమ గడ్డకడితే నాలుగు డబ్బాల్లోనూ కట్టాలి కదా. కుడి వెనకదానికి ప్రత్యేకంగా చలి వేయదు. అదీ వాగు దాటినప్పుడే వేయదు.

గేరుగింజ
సరే, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. ఆయిల్ ముక్క మాత్రం తీసుకోను.

చక్రధారి
ఆయిల్ విషయంలో ఎవరూ మాట వెనక్కి తీసుకున్నట్లు ఈ వేదిక చరిత్రలో లేదు.

పాత_పానా
ఒక ప్రశ్నకు జవాబు కావాలి. ఆ డబ్బాలో ఎంత పోశారు, ఎంత దించారు?

బురదబాట
పోసింది 400 మిల్లీలీటర్లు, లెవెల్ బోల్టు దాకా. మొన్న దించింది కొలిచాను, 650 వచ్చింది. అంటే పావు లీటరు నీళ్లు చేరాయి. అందుకే కదా ఈ గోల.

పాత_పానా
పావు లీటరూ నీళ్లేనని ఎవరు చెప్పారు? దించినది పారబోయకుండా ఉంటే గాజు సీసాలో పోసి రెండు రోజులు కదలకుండా ఉంచండి. నీరు బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది. బాగా చిలికిన ఆయిల్ పూర్తిగా విడిపోదు కానీ అంచనాకు పనికొస్తుంది. అప్పటిదాకా మూడో సీల్ కొనవద్దు. తుప్పు చెప్పినా సరే.

తుప్పు
నా మాట ఎవరు విన్నారు కనుక.

సన్నదారం
చదివేవాళ్లలో నాలాంటి కొత్తవాళ్లు ఉంటారు, కాస్త చెప్పండి. పోర్టల్ అంటే చక్రం దగ్గర ఇంకో గేర్ బాక్సు అనే కదా? యాక్సిల్ పైకి పోతుందని తెలుసు. ఇంత బాధ పడి ఎందుకు పెట్టుకుంటారు?

నిదానమే_ప్రధానం
మామూలు యాక్సిల్ షాఫ్టు నేరుగా చక్రం నడిమధ్యకు వస్తుంది. పోర్టల్‌లో అది చక్రం కేంద్రం కన్నా పైన ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి గేర్లు శక్తిని దించుతాయి. కాబట్టి యాక్సిల్ గొట్టమూ, దాని మధ్యలో రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్లుండే డిఫరెన్షియల్ గుండూ నేల నుంచి అంత మేర పైకి లేస్తాయి. టైర్ల ద్వారానే గుండును 100 మిల్లీమీటర్లు లేపాలంటే టైరు వ్యాసం 200 పెరగాలి. ఆ లెక్క ఒకసారి వేసుకుంటే ఎందుకో తెలుస్తుంది.

రెండో లాభం: డబ్బాలో వేగం తగ్గించే గేర్లుంటే శక్తి చివరి మెట్టులోనే పెరుగుతుంది. తగ్గింపు రెండింతలైతే షాఫ్టు మీద మెలి సగమే పడుతుంది. బదులుగా అది రెండింతల వేగంతో తిరగాలి.

చక్రధారి
కొత్త ఫ్యాషన్ అనుకునేవాళ్లకు ఒక ముక్క. యూనిమాగ్ అనే జర్మన్ ట్రక్కును మొదట పొలం కోసం గీశారు. చక్రాల మధ్య దూరం 1270 మిల్లీమీటర్లు, బంగాళాదుంప సాళ్లు రెండు పట్టేంత. పైరు తగలకుండా పొట్ట పైకి ఉండాలి కాబట్టి పోర్టల్. రాళ్లెక్కడం తరువాతి ముచ్చట. సోవియట్ జీపు ఉవాజ్-469 లో సైన్యం రకానికి పోర్టల్, మామూలు జనం రకం 469బీ కి మామూలు యాక్సిల్. నేల నుంచి ఎత్తు మొదటిదానికి 300 మిల్లీమీటర్లు, రెండోదానికి 220. ఒకే బండికి రెండు ఎత్తులు.

గేరుగింజ
అమెరికా బండి హమ్మర్ హెచ్1 చక్రాల దగ్గరా గేర్లే, తగ్గింపు 1.92 కు 1. వాళ్లు కూడా సీళ్లతో కుస్తీ పట్టారు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదు.

కొండదారి
బురదబాట గారూ, ఒక ముఖ్యమైన విషయం. మీ డబ్బాలో లెవెల్ పెరుగుతోంది అన్నారు. వెనక డ్రమ్ము విప్పి చూశారా? నాకు జరిగింది చెబుతాను. నా డబ్బాలో ఆయిల్ ఎక్కువైంది. నేను పోసిందే ఎక్కువ, తప్పు నాదే, బండి ఏటవాలులో నిలిపి లెవెల్ చూసుకున్నాను. ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి, వేడెక్కి, సీల్ దాటి డ్రమ్ములోకి దిగింది. కొండ దిగుతూ బ్రేకు తొక్కితే బండి ఒక్కసారిగా ఎడమకు లాగింది. ఎడమ లోయ. ఆ రోజు నుంచి డ్రమ్ము వెనక పలక అడుగున వేలు పెట్టి చూడకుండా బయలుదేరను. తడి తగిలితే ప్రయాణం లేదు. ఆయిల్ తాగిన బ్రేకు లైనింగును కడిగి వాడవచ్చని ఎవరైనా చెబితే వినవద్దు, మార్చేయండి.

బురదబాట
భయపెట్టారు. ఇప్పుడే చూసి వచ్చాను, పొడిగానే ఉంది. బండి కదపడం మాత్రం ఆపేశాను.

రెంచిరాణి
డబ్బా లెవెల్ చూసేటప్పుడు నేల చదునుగా ఉండాలి, డబ్బా నిలువుగా ఉండాలి, బండి ఆగి పావుగంటైనా కావాలి. ముందు చక్రాలైతే నేరుగా పెట్టాలి. ఈ నాలుగూ తెలిసి కూడా తొందరలో తప్పుతాం.

బురదబాట
పాత_పానా గారూ, సీసా ఫలితం. రెండు రోజులయ్యాక అడుగున నీళ్లు వేలెడు మందం కూడా లేవు. మహా అయితే 40, 50 మిల్లీలీటర్లు. ఇంకొంచెం ఆయిల్‌లో కలిసి ఉందనుకున్నా పావు లీటరు కాదు. మిగతాదంతా ఆయిలే. నేను పోయని ఆయిల్!

పాత_పానా
ఇప్పుడు దారిలో పడ్డాం. నీళ్ల సంగతి కాసేపు పక్కన పెట్టండి. డబ్బాకు ఆయిల్ ఎవరు అప్పు ఇస్తున్నారు? చుట్టుపక్కల ఆయిల్ ఉన్న ఇల్లు ఒక్కటే, డిఫరెన్షియల్. దాని లెవెల్ ఎప్పుడు చూశారు?

బురదబాట
కిట్ వేసినప్పుడు.

తుప్పు
రెండేళ్లు.

బురదబాట
అవును, రెండేళ్లు. నవ్వకండి.

గేరుగింజ
డిఫరెన్షియల్‌కూ డబ్బాకూ మధ్య లోపలి సీల్ ఉంటుంది. ఆయిల్ ఎలా దాటుతుంది? పైగా డిఫరెన్షియల్ లెవెల్ గొట్టం అడుగు అంచు దగ్గరే ఉంటుంది. అక్కడి నుంచి చక్రం దాకా ఎక్కి రావాలి కదా.

పాత_పానా
ఎక్కి రానక్కర్లేదు, జారి వస్తుంది. బండి ఒక పక్కకు ఒరిగితే గొట్టం కాలువ అవుతుంది. రాళ్ల మీద గంటల తరబడి ఒరిగే ఉంటాం. ఇక లోపలి సీల్. ఒకే పెదవి ఉన్న సీల్ ఒక వైపు ఆయిల్‌నే గట్టిగా ఆపుతుంది, స్ప్రింగు ఉన్న వైపుది. కొన్ని కిట్లలో ఆ వైపు డబ్బాకు పెడతారు, డబ్బా ఆయిల్ యాక్సిల్‌లోకి పోకుండా. అవతలి నుంచి వచ్చేదాన్ని ఆపడం దాని పని కాదు. రెండు వైపులా ఆయిల్ ఉన్న చోట రెండు పెదవుల సీల్ కావాలి, లేదా రెండు సీళ్లు వీపుకు వీపు ఆనించి పెట్టాలి.

బురదబాట గారూ, బండి రోజూ ఎక్కడ నిలుపుతారు? చదునా?

బురదబాట
కాదు. నిలిపే చోటు కుడి వైపుకు బాగానే వాలి ఉంటుంది. రెండేళ్లుగా అక్కడే.

చక్రధారి
కుడి డబ్బా ఎందుకు అనే ప్రశ్న తీరిపోయింది.

సన్నదారం
నా ముందు డబ్బాలో కూడా లెవెల్ పెరిగినట్లు అనిపిస్తోంది. అదీ ఇదేనా?

పాత_పానా
మీ ముందు యాక్సిల్ కీలు బయటికి కనిపించే రకమైతే ఇలా జరగదు. షాఫ్టు మధ్యలో బయటి గాలిలోకి వస్తుంది, కారితే అక్కడే నేల మీద కారుతుంది. కీలు మూసిన గుండులో ఉండే రకమైతే జరగవచ్చు. గుండులో గ్రీజు పలుచబడి ఆయిల్‌లా కారుతోందేమో చూడండి, అదే గుర్తు.

నిదానమే_ప్రధానం
అంతా బాగుంది. నీళ్లు? ఆయిల్ డిఫరెన్షియల్ నుంచి వచ్చింది. మరి ఆ 50 మిల్లీలీటర్ల నీళ్లు ఏ దారిన వచ్చాయి?

రెంచిరాణి
అదే దారిన. బురదబాట గారు నాలుగు డబ్బాలకు గొట్టాలు వేశానన్నారు. మొదటి పోస్టు మళ్లీ చదవండి. నాలుగు.

నిదానమే_ప్రధానం
అయ్యో.

రెంచిరాణి
ఐదోది ఎక్కడ? వెనక డిఫరెన్షియల్ బ్రీదర్ ఎక్కడుంది, బురదబాట గారూ?

బురదబాట
యాక్సిల్ గొట్టం మీద. కంపెనీ పెట్టిన చిన్న మూతే. పోర్టల్ వేశాక యాక్సిల్ పైకి పోయింది కదా, ఇక నీళ్లు అందవులే అనుకున్నాను.

పాత_పానా
చాలా మంది అలాగే అనుకుంటారు. యాక్సిల్ నాలుగు అంగుళాలు లేచింది, మనం ధైర్యం పెరిగి పది అంగుళాలు లోతుకు దిగాం. లోపల ఏమి జరుగుతుందో కొత్తవాళ్ల కోసం చెబుతాను. గంట సేపు నడిచిన యాక్సిల్ చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. లోపలి గాలి కూడా వేడెక్కి వ్యాకోచించి కొంత బయటికి పోయి ఉంటుంది. అలాంటిది ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి దేన్నైనా పీల్చుకుంటుంది. బ్రీదర్ నీళ్లలో ఉంటే నీళ్లను. బ్రీదర్ మూసుకుపోతే సీల్ పెదవుల గుండా. అందుకే నీళ్లలో దిగే ముందు పది నిమిషాలు ఆగి చల్లారనివ్వడం మందుల్లో చవకైన మందు. వెనక ఉన్నవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి.

తుప్పు
ఇంతవరకూ ఆ పది నిమిషాలు ఫొటోలు తీసుకోవడానికే అనుకున్నాను.

గేరుగింజ
ఒప్పుకోవడానికి ముందు రుజువు కావాలి. ఆయిల్‌లో కలిపే రంగు దొరుకుతుంది, అతినీల కాంతి దీపం వేస్తే మెరిసేది. డిఫరెన్షియల్‌లో అది కలపండి, డబ్బాలో మామూలు కొత్త ఆయిల్ పోయండి. వాలులో ఒక రాత్రి నిలిపి డబ్బాలో నుంచి చెంచాడు తీసి దీపం కింద చూడండి. మెరిస్తే పాత_పానా గారికి దండం పెడతాను.

బురదబాట
మంచి ఉపాయం. చేస్తాను.

సన్నదారం
ఈలోగా డబ్బా లోపల మిగిలిన తెల్లటి జిడ్డును ఎలా కడగాలి? డీజిల్ పోసి తిప్పితే పోతుందని విన్నాను.

కొండదారి
పోతుంది. కానీ డీజిల్ అంతా బయటికి రాదు, మూలల్లో మిగిలి కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది. నేను చవక గేర్ ఆయిల్ పోసి నిదానంగా నాలుగు కిలోమీటర్లు నడిపి, వేడి మీద దించేస్తాను. ఇంకా తెలుపు కనిపిస్తే మళ్లీ ఒకసారి. తొందరపడవలసింది మాత్రం దించడంలోనే. నీళ్లు కలిసిన ఆయిల్‌ను నెల రోజులు అలాగే ఉంచితే బేరింగు రోలర్ల మీద తుప్పు మచ్చలు పడతాయి. మచ్చ పడిన బేరింగు కడిగితే బాగుపడదు.

గేరుగింజ
డీజిల్‌తో కడిగి గాలి కొట్టి ఆరబెడితే ఏమీ కాదు. ఇరవై సార్లు చేశాను.

కొండదారి
డబ్బా విప్పి చేస్తే సరే. విప్పకుండా చేసేవాళ్లకు చెప్పాను.

రెంచిరాణి
డ్రెయిన్ బోల్టు అయస్కాంతం ఉన్నదైతే దాన్ని తుడిచే ముందు చూడండి. బూడిద రంగు మెత్తటి ముద్ద సహజం, గేర్లు ఒరుసుకుంటే అది వస్తుంది. వేళ్ల మధ్య రుద్దితే గుచ్చుకునే పలుకులో, మెరిసే రేకులో ఉంటే డబ్బా విప్పాల్సిందే. విప్పి మూసేటప్పుడు అతుకుకు సిలికాన్ జిగురు సన్నని దారంలా వేయండి. దండిగా పూస్తే లోపలికి పొంగి, ఎండి, ముక్కలై ఆయిల్ దారుల్లో ఇరుక్కుంటుంది. ఒకసారి నా చేతులతో నేనే ఆ పని చేశాను, బేరింగు ఎండిపోయి కూత పెట్టేదాకా తెలియలేదు.

చక్రధారి
కూత అనగానే గుర్తొచ్చింది. నా ముందు ఎడమ డబ్బా 50 వేగం దాటితే మూలుగుతోంది. గేరా, బేరింగా?

నిదానమే_ప్రధానం
యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ శబ్దం మారితే గేర్లను అనుమానించండి. మలుపులో బరువు పక్కకు మారినప్పుడు మారితే బేరింగు. జాకీ మీద చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. పక్కలకు పట్టుకుని ఊపితే స్టీరింగు రాడ్ల ప్లే (వదులు) కూడా కలుస్తుంది, మోసపోతారు. గేర్ల మధ్య కొద్దిగా ప్లే ఉండడం మాత్రం సహజం. పోర్టల్‌లో గేర్లు ఎక్కువ కాబట్టి బండి కదిలేటప్పుడు టక్కుమనే శబ్దం కూడా ఎక్కువే.

చక్రధారి
మలుపులోనే మారుతోంది. సరే, ఏడుస్తూ విప్పుతాను.

బురదబాట
రంగు పరీక్ష అయింది. సాయంత్రం వాలులో నిలిపాను, తెల్లవారి డబ్బాలో నుంచి తీసిన ఆయిల్ దీపం కింద పచ్చగా వెలిగింది. దేవుడి గదిలో దీపంలా. డిఫరెన్షియల్ లెవెల్ బోల్టు తీస్తే వేలు లోపలికి పెట్టినా తడి తగలలేదు. డ్రెయిన్ బోల్టు వదులు చేయగానే మొదట నీళ్లు, ఆ వెనక తెల్లటి ఆయిల్. రెండేళ్లుగా నేను చక్రం దగ్గర కూర్చుని వైద్యం చేస్తున్నాను, జబ్బు నడుములో ఉంది.

బ్రీదర్ మూత తుప్పు పట్టి తెరుచుకుని ఉండిపోయింది. చిటికెన వేలి గోరంత ముక్క.

గేరుగింజ
పాత_పానా గారికి దండం. 140 మీద మాత్రం నా మాట నాదే.

తుప్పు
తుప్పు పట్టి అన్నప్పుడు నా పేరు కాస్త గౌరవంగా రాయండి.

పాత_పానా
దండాలు రాణి గారికి పెట్టండి, ఐదో గొట్టం పట్టుకున్నది ఆవిడ. బురదబాట గారూ, డిఫరెన్షియల్ లోపలి పెద్ద గేరు, అదే క్రౌన్ గేరు, దాని బేరింగులు కూడా ఒకసారి చూడండి. లెవెల్ తగ్గి, ఉన్నదానిలో నీళ్లు కలిసి ఎంతకాలం తిరిగాయో తెలియదు. లోపలి సీల్ మార్చేటప్పుడు రెండు వైపులా మార్చండి. ఎడమది బాగుందంటే అది ఎత్తు మీద ఉంది కాబట్టి బాగుంది.

బురదబాట
రెండూ మార్చాను, రెండు పెదవులవి. డిఫరెన్షియల్‌కూ గొట్టం వేసి బానెట్ దాకా తీసుకెళ్లాను. బేరింగుల్లో ఒకదాని మీద మచ్చలు ఉన్నాయి, అదీ మార్చక తప్పలేదు. డబ్బా బోల్టులు టార్క్ రెంచితో బిగించాను, 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూస్తాను. బండి ఇప్పుడు చదును నేల మీద నిలుపుతున్నాను. వాలు చోటును పక్కింటివాళ్ల స్కూటరు ఆక్రమించింది.

సన్నదారం
నీళ్లలో దిగారా?

బురదబాట
మూడుసార్లు. ప్రతిసారీ పది నిమిషాలు ఆగి. ఐదు చోట్లా డ్రెయిన్ బోల్టు అరచుట్టు వదులు చేసి మొదటి చుక్క చూశాను. అయిదింటిలోనూ ఆయిలే.

కొండదారి
ముందు డిఫరెన్షియల్?

బురదబాట
దానికి

బురదబాట
క్షమించాలి, మధ్యలో నొక్కేశాను. దానికి గొట్టం లేదు. ఇప్పుడే వెళుతున్నాను.

తుప్పు
మిమ్మల్ని చూసి నవ్వుతూ నా బండి కిందికి దూరాను. నాకు గొట్టాలు నాలుగే. వెనక డిఫరెన్షియల్ బోల్టు వదులు చేశాను. మొదట వచ్చింది ఆయిల్ కాదు.